మీ 4,200 టన్నులు ఎక్కువా, తక్కువా? సీక్వా రిపోర్టులో గ్రీన్‌హౌస్ అధ్యాయం గురించి

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం ముందు రెండు ముక్కల్లో చెప్తాను. ఎం.ఎస్. అయ్యాక శాక్రమెంటోలో ఒక కన్సల్టెన్సీలో చేరారు. మూడు నెలలు తిరక్కుండానే 310 ఇళ్లు, కొన్ని షాపులు ఉన్న ప్రాజెక్టుకు సీక్వా (కాలిఫోర్నియా పర్యావరణ నాణ్యత చట్టం) కింద రాసే పర్యావరణ నివేదికలో గ్రీన్‌హౌస్ వాయువుల అధ్యాయం మీ నెత్తిన పడింది. సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఏడాదికి 4,200 టన్నులు వచ్చింది. ప్రపంచం మొత్తం ఏడాదికి 5,000 కోట్ల టన్నులకు పైగా వదులుతుంటే ఈ 4,200 ఒక లెక్కా, దీన్ని ‘గణనీయం’ అని రాయాలా వద్దా, ఏ గీతతో (ఇది దాటితే గణనీయం అనే హద్దుతో) పోల్చాలి, సియాటిల్‌లో ఉన్న మీ పాత రూమ్మేట్ ఆఫీసులో ఇదే పని ఇంకోలా ఎందుకు చేస్తున్నారు... ఇవీ సందేహాలు. చివర్లో ‘ఫెడరల్‌గా అన్నీ ఎత్తేస్తున్నారు కదా, ఈ పని నేర్చుకోవడం దండగేనా’ అని కూడా అడిగారు.

నేను ఈ పనిలో పదిహేడేళ్లుగా ఉన్నాను. ఎక్కువగా కాలిఫోర్నియాలో, మధ్యలో కొన్నాళ్లు వాషింగ్టన్ రాష్ట్రంలో. లాయర్ని కాను. లాయర్ల చేత తిట్లు తిన్నవాణ్ణి, ఆ అనుభవంతో చెప్తున్నాను.

ముందు ఆ ‘సముద్రంలో కాకిరెట్ట’ వాదన. లెక్క నేనూ వేశాను, 5,000 కోట్లలో 4,200 అంటే దాదాపు కోటీ ఇరవై లక్షల్లో ఒక వంతు. ఈ పోలిక మీ డ్రాఫ్టులో ఎక్కడైనా ఉంటే ఈ రాత్రికే తీసేయండి. తిలా పాపం తలా పిడికెడు అంటారు కదా, ఈ విషయంలో సీక్వా మొత్తం ఆ సామెత మీదే నడుస్తుంది. ఏ ఒక్క ప్రాజెక్టూ తనొక్కటే భూమిని వేడెక్కించలేదు, అందుకే దీన్ని ఎప్పుడూ క్యుములేటివ్ ప్రభావంగానే చూస్తారు, అంటే అందరి పిడికిళ్లూ కలిపి చూసి అందులో మీ పిడికెడు పట్టించుకోదగిందా కాదా అని అడుగుతారు. 1990లో హాన్‌ఫర్డ్ నగరం కేసు ఒకటి ఉంది. బొగ్గుతో కరెంటూ వేడీ కలిపి తయారుచేసే ఒక కోజనరేషన్ ప్లాంటుకు రాసిన నివేదికలో, చుట్టుపక్కల మొత్తం కాలుష్యంతో పోలిస్తే మాది ఎంత అని నిష్పత్తి చూపించి తప్పించుకోబోయారు. అప్పీళ్ల కోర్టు ఒప్పుకోలేదు. గాలి ఇప్పటికే పాడైపోయి ఉంటే ఇంకా కలిపేదాన్ని మరింత గట్టిగా చూడాలి గానీ, ఎంత పాడైతే అంత వదిలేయొచ్చు అంటే ఎలా? అప్పటికి వాతావరణ మార్పు గొడవ ఇంకా ఈ నివేదికల్లోకి రాలేదు, కానీ తర్కం అదే. 2018 చివర్లో సీక్వా గైడ్‌లైన్స్ సవరించినప్పుడు ఈ మాట నేరుగా రాసేశారు: రాష్ట్రం, దేశం, ప్రపంచం వదిలేదానితో పోలిస్తే చిన్నగా కనిపించినా ప్రాజెక్టు వాటా గణనీయం కావచ్చు అని. సెక్షన్ 15064.4. ప్రింట్ తీసి మానిటర్ పక్కన అంటించుకోండి, నేను అలాగే చేశాను.

కాస్త వెనక్కి వెళ్తే మీకు ఈ చట్టం మూడ్ అర్థమవుతుంది. ఫెడరల్ పర్యావరణ చట్టం నీపా 1970 జనవరి 1న నిక్సన్ సంతకంతో వచ్చింది, అదే ఏడాది కాలిఫోర్నియాలో రోనాల్డ్ రీగన్ గవర్నర్‌గా సీక్వా మీద సంతకం పెట్టాడు. ఆ తర్వాత నాలుగైదేళ్లలో వాషింగ్టన్, మోంటానా, మసాచుసెట్స్, మిన్నెసోటా, న్యూయార్క్ ఒక్కొక్కటే చేరాయి. వీటిని ‘లిటిల్ నీపా’లు అంటారు గానీ కొన్ని చోట్ల పిల్ల తల్లికంటే గట్టిది. నీపా ప్రకారం అనుమతి ఇచ్చే ప్రభుత్వ ఏజెన్సీ ప్రభావాలు చూసి, రాసి, ప్రజలకు చెప్పి, ఆ తర్వాత తనకు నచ్చింది చేసుకోవచ్చు. సీక్వాలో అలా కుదరదు, ప్రభావం గణనీయమని తేలితే, చేయగలిగిన మిటిగేషన్ (ప్రభావం తగ్గించే చర్యలు) పెట్టి తీరాలి. అది పెట్టాక కూడా గణనీయంగానే మిగిలితే, ప్రయోజనాలు ఫలానా కాబట్టి ఆమోదిస్తున్నాం అని ఏజెన్సీ బోర్డు కాగితం మీద ఒప్పుకోవాలి. అందుకే ఆ ఒక్క మాట, ‘గణనీయం’, దాని చుట్టూ ఇంత యుద్ధం. మీరు ఒక అధ్యాయం రాస్తున్నాననుకుంటున్నారు, అవతల డెవలపర్‌కు అది లక్షల డాలర్ల తేడా.

గ్రీన్‌హౌస్ వాయువులు ఇందులోకి వచ్చింది 2006, 2007ల్లో. 2006లో ఏబీ 32 చట్టం వచ్చింది (ఏబీ అంటే అసెంబ్లీ బిల్లు, ఎస్‌బీ అంటే సెనేట్ బిల్లు), 2020 కల్లా రాష్ట్ర ఉద్గారాలను 1990 స్థాయికి తేవాలని. మరుసటి ఏడాది అప్పటి అటార్నీ జనరల్ జెర్రీ బ్రౌన్, శాన్ బెర్నార్డినో కౌంటీ మీద కేసు వేశాడు, ‘మీ జనరల్ ప్లాన్‌లో ఈ ఊసే లేదేం’ అని. కొన్ని నెలల్లో రాజీ అయింది. ఆ వేడిలోనే ఎస్‌బీ 97 వచ్చి గైడ్‌లైన్స్ రాయమంది, అవి 2010 మార్చిలో అమల్లోకి వచ్చాయి. ఆ ముందు రెండు మూడేళ్లు ఎవరికి తోచింది వాళ్లు రాశారు. ‘ఇంకా శాస్త్రీయ పద్ధతి లేదు కాబట్టి నిర్ణయించలేం’ అని ఒకే పేరాతో ముగించిన రిపోర్టులు నేనూ చూశాను, ఒకటి నేనూ రాశాను.

ఇప్పుడు అసలు సంగతి. మీరు అడిగింది అంకె గురించి, కానీ కోర్టులో కొట్టేసిన రిపోర్టులు చాలావాటిలో అంకె తప్పు కాదు. అంకె నుంచి నిర్ణయానికి వేసిన వంతెన లేదు. న్యూహాల్ రాంచ్ కేసు చదవండి, 2015 నవంబర్ 30న కాలిఫోర్నియా సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు. లాస్ ఏంజెలెస్‌కు వాయవ్యంగా సాంటా క్లారా నది ఒడ్డున దాదాపు 12,000 ఎకరాల్లో 20,885 ఇళ్లు, సుమారు 58,000 జనాభా, అంటే ఇల్లూవాకిలీ కాదు, ఒక ఊరే. రిపోర్టు ఏం చెప్పిందంటే: ఏ జాగ్రత్తా లేకుండా మామూలుగా కట్టుకుంటూ పోతే ఏడాదికి 3,90,046 టన్నులు వస్తాయి, మేము కట్టే పద్ధతిలో 2,69,053 టన్నులే, అంటే 31 శాతం తక్కువ. రాష్ట్రం తన స్కోపింగ్ ప్లాన్‌లో (ఏబీ 32 లక్ష్యం చేరే ప్రణాళికలో) అడిగింది 29 శాతం తగ్గింపు. మేము 31 చేశాం కాబట్టి గణనీయం కాదు. వినడానికి ఎంత బాగుందో చూడండి. అప్పట్లో సగం కాలిఫోర్నియా ఇదే పద్ధతిలో రాస్తోంది, నేనూ రాశాను.

కోర్టు ఏమందంటే, రాష్ట్ర లక్ష్యాన్ని గీతగా వాడుకోవడం తప్పు కాదు, అది బాగానే ఉంది. కానీ ఆ 29 శాతం రాష్ట్రం మొత్తానిది. పాత ఇళ్లు, పాత ఫ్యాక్టరీలు, పాత కార్లు అన్నీ కలిపి. అదే 29 శాతం, ఖాళీ నేల మీద కొత్తగా కట్టే ఒక ప్రాజెక్టుకు సరిపోతుందని మీకెవరు చెప్పారు? పాత ఇంటిని మార్చడం కంటే కొత్త ఇంటిని మొదట్నుంచీ సరిగ్గా కట్టడం తేలిక కాబట్టి కొత్తవాటి వాటా ఎక్కువే ఉండాలేమో. ఉండాలని కోర్టు తేల్చలేదు, ‘ఉండక్కర్లేదని చూపించే ఆధారం రికార్డులో లేదు’ అంది, అంతే. ఆ ఒక్క వాక్యానికి ఆధారం లేకపోవడంతో (ఒక చేప జాతి రక్షణ గొడవ ఇంకోటి కూడా ఉందిలెండి) ప్రాజెక్టు ఏళ్ల తరబడి ఆగింది. 2017లో వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు నెట్ జీరో అని వచ్చారు: ఇళ్ల మీద సోలార్, కార్లకు చార్జర్లు, మిగిలినదానికి ఆఫ్‌సెట్‌లు, అంటే ఇంకెక్కడో ఉద్గారాలు తగ్గించినందుకు డబ్బిచ్చి ఆ తగ్గింపును మన లెక్కలో వేసుకోవడం. 31 శాతంతో గట్టెక్కుదామనుకున్నవాళ్లు చివరికి వందకు వచ్చారు. పర్యావరణ లాయర్లు అడిగినా అంత అడిగేవాళ్లు కాదేమో.

కాబట్టి మీ 4,200 దగ్గరికొస్తే, మీ ముందు నాలుగైదు దారులున్నాయి, అన్నీ సమానం కావు. మీ నగరానికో కౌంటీకో సెక్షన్ 15183.5 ప్రకారం చేసిన క్లైమేట్ యాక్షన్ ప్లాన్ ఉందా అని మొదట చూడండి. ఉంటే, దాని చెక్‌లిస్టుతో మీ ప్రాజెక్టు ఒక్కో అంశం సరిపోతోందని చూపించగలిగితే, అదే అన్నిటికంటే భద్రమైన దారి. జాగ్రత్త, పేరుకు ప్లాన్ ఉండి అందులో లెక్కలు, లక్ష్యం, పర్యవేక్షణ లేనివి చాలా ఉన్నాయి. అవి గోడ మీద క్యాలెండర్‌తో సమానం, వాటి మీద ఆనుకుంటే మీరే పడతారు. రెండో దారి అంకె గీత. శాన్ ఫ్రాన్సిస్కో బే ప్రాంతపు గాలి నాణ్యత ఏజెన్సీ 2010లో ఏడాదికి 1,100 టన్నులు అని పెట్టింది, దక్షిణాన సౌత్ కోస్ట్ వాళ్లు ఫ్యాక్టరీలకు 10,000 అన్నారు. కొత్తవాళ్లంతా చేసే పని ఏమిటంటే, తమకు నప్పే అంకె ఏ జిల్లాలో ఉందో వెతికి దాన్ని పట్టుకొచ్చేస్తారు. రాష్ట్రంలో 35 గాలి నాణ్యత జిల్లాలున్నాయి, ఎవరి లెక్క వెనక వాళ్ల పరిస్థితి ఉంది, మీ 310 ఇళ్లను ఫ్యాక్టరీల 10,000 గీతతో పోలిస్తే అవతలి లాయరు పండగ చేసుకుంటాడు. పైగా ఆ 1,100 లాంటివి 2020 లక్ష్యం నుంచి పుట్టాయి. ఆ తర్వాత 2016లో ఎస్‌బీ 32 వచ్చి 2030 కల్లా 1990 కంటే 40 శాతం తక్కువ అంది, 2022లో ఏబీ 1279 వచ్చి 2045కి కార్బన్ న్యూట్రాలిటీ, 85 శాతం తగ్గింపు అంది. మీ ఇళ్లలో జనం 2060లో కూడా ఉంటారు. గడువు దాటిన మందు వేసుకున్నట్టు పాత గీత వాడకండి. 2017లో శాన్ డియేగో ప్రాంతీయ రవాణా ప్రణాళిక కేసులో సుప్రీం కోర్టు ఆ ఏజెన్సీని వదిలేసింది గానీ, సైన్సూ రాష్ట్ర విధానాలూ కదిలేకొద్దీ విశ్లేషణ కూడా కదలాలని గట్టిగానే చెప్పింది.

నాకు నచ్చింది మూడో దారి, బే ఏరియా వాళ్లు 2022లో దీనికే మారిపోయారు. టన్నులు పక్కన పెట్టి, ఈ ప్రాజెక్టు 2045 లక్ష్యానికి అడ్డం పడుతుందా, పడదా అని చూస్తారు. ఇళ్లలో సహజవాయువు ఉండకూడదు, మనిషికి కార్లు తిరిగే మైళ్లు ప్రాంతపు సగటు కంటే 15 శాతం తక్కువ ఉండాలి, ఎలక్ట్రిక్ కార్లకు ఏర్పాట్లు ఉండాలి. ఇవి చేస్తే నీ న్యాయమైన వాటా నువ్వు చేసినట్టే. ఇది ఎందుకు బాగుందంటే, ఒకసారి గ్యాస్ పైపు వేశాక ముప్ఫై ఏళ్లు అది అక్కడే ఉంటుంది, ఆ పైపు గురించి మాట్లాడకుండా దశాంశ స్థానాల గురించి కొట్టుకోవడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. (బర్కిలీ నగరం గ్యాస్ నిషేధాన్ని 2023లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు కొట్టేసింది, అది వేరే గొడవ, నగరం ఆర్డినెన్స్‌గా పెట్టిన నిషేధం అది. సీక్వాలో గీతగా పెట్టుకోవడం వేరు. కానీ మీ లాయర్ని అడగకుండా రాయకండి.)

ఇక లెక్క. కాల్ఈఈమాడ్ అనే ఉద్గారాల సాఫ్ట్‌వేర్‌లో వేశానన్నారు, బాగానే ఉంది. డీఫాల్ట్‌లు (సాఫ్ట్‌వేర్ తనంతట వేసే అంకెలు) ఎన్ని మార్చారు? మార్చినవాటికి పక్కన కారణం రాశారా? ఇళ్ల ప్రాజెక్టుల్లో పెద్ద వాటా కార్లది, కార్ల వాటా అంతా రెండు అంకెల మీద నిలబడి ఉంటుంది: రోజుకు ఎన్ని ట్రిప్పులు, ఒక్కో ట్రిప్పు ఎన్ని మైళ్లు. మీ రవాణా అధ్యాయం ఇంకొకరు రాస్తుంటారు కదా, వాళ్ల మైళ్లూ మీ మైళ్లూ ఒకటే అయ్యుండాలి. ఇది చాలా చిన్న మాటలా ఉంటుంది. నా నాలుగో ఏడాదిలో ఒక గోడౌన్ ప్రాజెక్టు వచ్చింది, లాస్ ఏంజెలెస్‌కు తూర్పున ఇన్‌ల్యాండ్ ఎంపైర్‌లో. ట్రక్కు ట్రిప్పు పొడవు సాఫ్ట్‌వేర్ ఇచ్చింది అలాగే వదిలేశాను. సరుకంతా లాంగ్‌బీచ్ పోర్టు నుంచి వస్తుందని అదే రిపోర్టు మొదటి అధ్యాయంలో మేమే రాశాం, పోర్టు నుంచి అక్కడికి అరవై డెబ్బై మైళ్లు! కామెంట్ల గడువు ఆఖరి రోజు సాయంత్రం ఒక లాయరు ఆఫీసు నుంచి లావుపాటి ఉత్తరం వచ్చింది, పదకొండో పేజీలో ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి కింద ఒకే ప్రశ్న: ‘ట్రక్కులు మిగతా దూరం ఎగురుతాయా?’ మళ్లీ వేస్తే మొత్తం సగానికి పైగా పెరిగింది, గీత దాటింది, డ్రాఫ్టు మళ్లీ ప్రజల ముందు పెట్టాల్సి వచ్చింది, నాలుగు నెలలు పోయాయి, ఆ క్లయింటు మాకు మళ్లీ పని ఇవ్వలేదు. మా మేనేజర్ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ. అప్పట్నుంచి ఏ రిపోర్టైనా ముందు ప్రాజెక్టు వర్ణన చదివి, అందులోని ప్రతి దూరాన్నీ పచ్చ హైలైటర్‌తో గీస్తాను.

నిర్మాణ సమయంలో వచ్చే ఉద్గారాలను వదిలేయకండి. సౌత్ కోస్ట్ వాళ్ల పద్ధతిలో మొత్తాన్ని 30 ఏళ్లకు పంచి ఏటా లెక్కకు కలుపుతారు, చాలామంది అదే వాడతారు. మీ 4,200లో అది కలిసి ఉందో లేదో మీరు రాయలేదు.

మిటిగేషన్ గురించి. ‘తర్వాత ఒక ప్లాన్ తయారు చేస్తాం’ అని ఎక్కడా రాయకండి. రిచ్‌మండ్‌లో షెవ్రాన్ రిఫైనరీ విస్తరణకు అలాగే రాశారు, ఏడాదికి దాదాపు 8,98,000 టన్నులు పెరుగుతుందని ఒప్పుకుని, ఆమోదం వచ్చాక ఏడాదిలోపు తగ్గించే ప్లాన్ ఇస్తామన్నారు. 2010లో అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. పెళ్లయ్యాక పిల్ల సంగతి చూద్దాం అన్నట్టుంది మరి. ఆమోదం చేతిలో పడ్డాక ఎవరు తగ్గిస్తారు? ఎంత తగ్గాలి, దేనితో కొలుస్తారు, ఎవరు చూస్తారు, ఎప్పటిలోగా – ఇవి ముందే రాసి ఉండాలి.

ఆఫ్‌సెట్‌ల గురించి నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. అది కూడా కాలు మనది, కడిగేది ఎక్కడో ఇంకో ఖండంలో. శాన్ డియేగో కౌంటీ తన ప్లాన్‌లో కొత్త ప్రాజెక్టులు ఎక్కడి ఆఫ్‌సెట్‌లైనా కొనుక్కోవచ్చన్నట్టు రాసుకుంది, ఏది సరైందో తేల్చేది ఒక డైరెక్టరు విచక్షణ. 2020లో గోల్డెన్ డోర్ కేసులో అప్పీళ్ల కోర్టు ఒప్పుకోలేదు, అమలు చేయించే గట్టి ప్రమాణం లేదంది. ఆఫ్‌సెట్ అసలే పనికిరాదని ఏ కోర్టూ చెప్పలేదు. కానీ మీ జూనియర్ దశలో, సైటు మీద చేయగలిగింది మొత్తం చేసి, పక్క ఊళ్లో చేయగలిగింది చూసి, ఆ తర్వాతే దాని జోలికి వెళ్లండి.

ఒక్క విషయం మాత్రం మనసులో మాట. ఈ అధ్యాయాన్ని ఊరి మధ్యలో, రైలు స్టేషన్ పక్కన వచ్చే అపార్ట్‌మెంట్లను ఆపడానికి వాడినవాళ్లను చాలామందిని చూశాను. అక్కడ ఉండేవాళ్లు కారు తక్కువ తీస్తారు, ఆ ఇళ్లు అక్కడ కట్టకపోతే అదే జనం అరవై మైళ్ల అవతల కొనుక్కుని రోజూ ఫ్రీవే మీద పడతారు, ఆ ఉద్గారాలు ఎవరి రిపోర్టులోనూ రావు. ‘పర్యావరణం’ అన్న పేరుతో పక్కింటివాళ్లకు పార్కింగ్ పోతుందన్న దుగ్ధ. అందుకే 2013లో ఎస్‌బీ 743 తెచ్చి ట్రాఫిక్ జామ్‌ను ప్రభావంగా లెక్కించడం మానేసి, తిరిగే మైళ్లను లెక్కించమన్నారు, అది 2020 జులై నుంచి రాష్ట్రమంతా అమలు. 2025 జూన్ 30న ఏబీ 130 మీద గవర్నర్ న్యూసమ్ సంతకం పెట్టాక ఊళ్ల మధ్యలో 20 ఎకరాల లోపు ఇళ్ల ప్రాజెక్టులకు, షరతులకు లోబడి, సీక్వా నుంచే మినహాయింపు ఇచ్చారు. మీ ప్రాజెక్టు దాని కిందకు వస్తుందేమో మీ మేనేజర్‌ని అడిగారా? వస్తే ఈ అధ్యాయం రాయక్కర్లేదు. నవ్వకండి, ఈ ప్రశ్న ఎవరూ అడగకుండా ఆరు నెలలు రాసిన టీములున్నాయి.

మీ రూమ్మేట్ సంగతి. వాషింగ్టన్‌లో చట్టం సీపా, 1971ది. అక్కడ గొడవ ఇళ్ల మీద కంటే ఓడరేవుల మీద ఎక్కువ జరిగింది, అందుకే ప్రశ్న వేరే రూపం తీసుకుంది: ఉద్గారాలు ఎక్కడి వరకు లెక్కపెట్టాలి? లాంగ్‌వ్యూలో ఏడాదికి 4.4 కోట్ల టన్నుల బొగ్గు ఆసియాకు పంపే టెర్మినల్ అన్నారు. టెర్మినల్‌లో క్రేన్లు, రైళ్లు వదిలేది లెక్కపెట్టి ఆగాలా, ఆ బొగ్గు అక్కడ కాలితే వచ్చేది కూడానా? అక్కడ రెండోదాన్నీ చూశారు. కలామాలో ఇంకా తమాషా. సహజవాయువుతో మెథనాల్ చేసి చైనాకు ప్లాస్టిక్ తయారీకి పంపుతామన్నారు, మాది రాకపోతే వాళ్లు బొగ్గుతో చేసుకుంటారు కాబట్టి మా వల్ల ప్రపంచానికి లాభమే అని వాదన. మొదటి నివేదికలో గ్రీన్‌హౌస్ విశ్లేషణ చాలదని 2017లో అక్కడి షోర్‌లైన్స్ బోర్డు (తీరప్రాంత పర్మిట్ల మీద అప్పీళ్లు వినేది) తిప్పిపంపింది, మళ్లీ రాశారు, రాష్ట్ర ఎకాలజీ శాఖ తృప్తి పడక తనే ఇంకోసారి రాయించింది. రాష్ట్రం లోపలే ఏడాదికి దాదాపు పది లక్షల టన్నులు, బయట ఇంకా ఎక్కువ. 2021 జనవరిలో పర్మిట్ నిరాకరించారు, కొన్ని నెలలకు కంపెనీ చాప చుట్టేసింది. ‘మేము లేకపోతే ఇంకొకడు ఇంతకంటే చెడ్డగా చేస్తాడు’ అన్న వాదన మీ కెరీర్‌లో చాలాసార్లు వినబోతున్నారు. ఒక్కోసారి అది నిజం కూడా. అలాంటప్పుడు ఆ ‘ఇంకొకడు’ ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో అని అడగడమే మీ పని.

మసాచుసెట్స్ 2007లోనే ఒక పాలసీ పెట్టి లెక్క అడగడం మొదలెట్టింది, ఈ దారిలో మొదటి రాష్ట్రం అదే. న్యూయార్క్ 2009లో గైడెన్స్‌తో మొదలై 2019 వాతావరణ చట్టంతో చాలా దూరం వెళ్లింది. అక్కడ పనిచేస్తే ఒక తిరకాసు గుర్తుంచుకోండి: మీథేన్‌ను వందేళ్ల లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు, న్యూయార్క్ వాడే ఇరవై ఏళ్ల లెక్కలో 84 రెట్లు. అదే గ్యాస్ ప్లాంటు కాలిఫోర్నియా కాగితం మీద పిల్లి, న్యూయార్క్ కాగితం మీద పులి. 2021 అక్టోబర్‌లో డాన్స్‌కామర్, ఆస్టోరియా అనే రెండు గ్యాస్ ప్లాంట్లకు అక్కడ ఈ చట్టం కిందే పర్మిట్ ఇవ్వలేదు.

మోంటానా కథ మీ ఆఖరి ప్రశ్నకు జవాబు. అక్కడ చట్టసభ ఈ లెక్కే చేయొద్దని చట్టం చేసింది. 2023 ఏప్రిల్‌లో లారెల్ దగ్గర 175 మెగావాట్ల గ్యాస్ ప్లాంటు పర్మిట్‌ను గ్రీన్‌హౌస్ విశ్లేషణ లేదని ఒక జిల్లా జడ్జి రద్దు చేస్తే, మరుసటి నెలకే ఆ విశ్లేషణను నిషేధిస్తూ బిల్లు తెచ్చేశారు. ఈలోపు పదహారు మంది పిల్లలు, యువకులు 2020లో వేసిన కేసు విచారణకు వచ్చింది. 1972 నాటి వాళ్ల రాజ్యాంగంలో ‘శుభ్రమైన, ఆరోగ్యకరమైన పర్యావరణం’ హక్కుగా రాసి ఉంది. 2023 ఆగస్టు 14న జడ్జి క్యాథీ సీలీ ఆ నిషేధం రాజ్యాంగ విరుద్ధమంది, 2024 డిసెంబర్ 18న రాష్ట్ర సుప్రీం కోర్టు ఆరుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా సమర్థించింది. ఇందులో రాష్ట్రం వాదన ఏమిటో ఊహించండి: మా మోంటానా వదిలేది ప్రపంచంలో ఎంత? మీ కాకిరెట్టే.

ఫెడరల్‌గా గాలి మారిన మాట నిజమే. 2025 మే 29న యూటా రైలు మార్గం కేసులో అమెరికా సుప్రీం కోర్టు నీపా కింద ఎంత వరకు చూడాలన్నది బాగా కుదించింది, ఏజెన్సీల మాటకే ఎక్కువ విలువ ఇమ్మంది. కానీ అది నీపా. రాష్ట్ర చట్టానికి అర్థం చెప్పేది రాష్ట్ర కోర్టు. నీపా పని తగ్గితే సీక్వా పని తగ్గదు, రెండూ రాసే ఆఫీసుల్లో మనుషులు అటు నుంచి ఇటు మారుతున్నారు, అంతే. ఇండియాకు తిరిగి వెళ్తే పనికొస్తుందా అని ఇంకొకరు కింద అడిగారు. మన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ 2006ది, ఇక్కడి 15064.4 లాంటి సెక్షన్ అందులో లేదు. ఉత్తరాఖండ్‌కు చెందిన తొమ్మిదేళ్ల అమ్మాయి 2017లో ఎన్‌జీటీకి (జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు) వెళ్లి ఇదే అడిగితే, పారిస్ ఒప్పందం లాంటివి ప్రభావ అంచనాలో చూడటం లేదని అనుకోవడానికి కారణం లేదంటూ 2019లో కొట్టేశారు. ‘చూస్తూనే ఉంటారులే’ అన్నమాట. కాబట్టి అక్కడ ఈ అనుభవం ఇప్పుడే ఉద్యోగం తెచ్చిపెడుతుందని నేను చెప్పలేను.

మీరు ఈ వారం చేయాల్సింది: ఏబీ 130 మినహాయింపు అడగండి, మీ నగరం క్లైమేట్ ప్లాన్ తెరిచి దాని లక్ష్యం ఏ ఏడాదికి పెట్టారో, అది 2030 దాటిందో లేదో చూడండి, ఇళ్లలో గ్యాస్ ఉందా అని ఆర్కిటెక్టుకు మెయిల్ పెట్టండి. ఆమోదం నోటీసు పడ్డాక కేసు వేయడానికి 30 రోజులే గడువు, మీకు అది ఊరట, కానీ కేసు వేసేవాడు మీ డ్రాఫ్టు వచ్చిన రోజు నుంచే చదువుతుంటాడు. ఆ 4,200లో ట్రిప్పు పొడవు ఎంత వేశారు, ఎక్కణ్ణుంచి తెచ్చారు, రవాణా వాళ్లది ఎంత ఉంది, ఈ మూడూ ఇక్కడ రాయండి. శనివారం తీరిగ్గా ఉంటాను, చూస్తాను.